తెలిసినవాళ్లకు తెలిసినవాళ్లు

"ఈ ఉద్యోగం సంగతి మీకు చెప్పింది స్నేహితుడేనా?"

హార్వర్డ్‌లో డాక్టరేట్ చేస్తున్న మార్క్ గ్రనొవెటర్ 1960ల చివర్లో బోస్టన్ శివారు న్యూటన్‌లో, కొత్తగా ఉద్యోగం మారినవాళ్లను ఇలా అడుగుతూ తిరిగాడు. చాలామంది అతన్ని సరిదిద్దారు: స్నేహితుడు కాదు, తెలిసినాయన. లెక్క తీస్తే విషయం ఇంకా స్పష్టమైంది. పరిచయాల మీద ఉద్యోగం దొరికిన 54 మందిలో, ఆ కబురు చెప్పిన మనిషిని వారానికి రెండుసార్లైనా కలిసేవాళ్లు 16.7 శాతమే. 55.6 శాతం మంది అప్పుడప్పుడూ కలిసేవాళ్లు. మిగిలిన 27.8 శాతం మంది కలిసేది ఏడాదికి ఒకసారో, అంతకన్నా తక్కువో.

కారణం ఆలోచిస్తే తేలికగానే అందుతుంది. మనకు బాగా దగ్గరివాళ్లు ఒకరికొకరు కూడా దగ్గరివాళ్లే. మనకు తెలిసిందే వాళ్లకూ తెలుసు. కొత్త కబురు రావాలంటే వేరే గుంపులో తిరిగే మనిషి నుంచి రావాలి, అలాంటివాడితో మనకుండేది ముఖపరిచయమే. గ్రనొవెటర్ ఈ వాదనతో 1969లో పంపిన వ్యాసాన్ని ఒక ప్రముఖ పత్రిక తిప్పి పంపింది. 1973లో మరో పత్రికలో అచ్చయ్యాక అది సామాజిక శాస్త్రంలో అత్యధికంగా ఉదహరించే వ్యాసాల్లో ఒకటైంది. ఈరోజు ఫోన్‌లో ఉద్యోగాల కోసం మనం తెరిచే ప్రతి పరిచయాల యాప్‌కూ పునాది అక్కడే ఉంది.

పునాది మీద యంత్రం లేవడానికి చాలా కాలం పట్టింది. 1997లో న్యూయార్క్‌లో ఆండ్రూ వైన్‌రైక్ సిక్స్‌డిగ్రీస్ అనే సైట్ మొదలుపెట్టాడు. ఎవరికి ఎవరు తెలుసో సభ్యులే నమోదు చేస్తే, ఇద్దరు అపరిచితుల మధ్య దారి కంప్యూటర్ చూపించేది. ఆలోచన సరైనదే, కాలానికి ముందుది. చేరినవాడి స్నేహితుల్లో చాలామందికి అప్పటికి ఇంటర్నెట్టే లేదు. సైట్ మూతపడింది గానీ దాని పేటెంటు బతికింది. 2003లో రీడ్ హాఫ్‌మన్, మార్క్ పింకస్ కలిసి 7 లక్షల డాలర్లకు దాన్ని కొన్నారు. అదే ఏడాది మే 5న హాఫ్‌మన్ బృందం లింక్డ్‌ఇన్‌ను తెరిచింది. తొలి రోజుల్లో రోజుకు 20 మంది చేరిన సందర్భాలూ ఉన్నాయి. 2016లో సత్య నాదెళ్ల సారథ్యంలోని మైక్రోసాఫ్ట్ దానికి చెల్లించిన వెల 2,620 కోట్ల డాలర్లు.

ఈ రెండు అంకెల మధ్య జరిగినవాటిలో నాకు అన్నిటికన్నా ఆసక్తికరంగా తోచేది జొనాథన్ గోల్డ్‌మన్ పని. స్టాన్‌ఫర్డ్‌లో భౌతికశాస్త్రంలో డాక్టరేట్ చేసిన ఈయన 2006లో లింక్డ్‌ఇన్‌లో చేరేసరికి అక్కడ సుమారు 80 లక్షల ఖాతాలున్నాయి. చేరినవాళ్లు చేరుతున్నారు, వచ్చాక మాత్రం పలకరించే మనిషి కనబడక వెళ్లిపోతున్నారు. గోల్డ్‌మన్ త్రిభుజాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. రవి మీకు తెలుసు, రవికి సుజాత తెలుసు. అయితే మీకూ సుజాత తెలిసి ఉండే అవకాశం ఎక్కువ. ఉమ్మడి పరిచయస్తులు పెరిగేకొద్దీ ఆ అవకాశం పెరుగుతుంది. ఒకే కాలేజీ, ఒకే కంపెనీ, అక్కడ ఒకే సంవత్సరాల్లో ఉండటం కలిస్తే ఇంకా పెరుగుతుంది. లెక్క చిన్నదేం కాదు. ఒకరికి 300 పరిచయాలు, ఆ ఒక్కొక్కరికీ మరో 300 ఉంటే, ఒక్క సభ్యుడి కోసమే 90,000 పేర్లు తూచాలి. మొదట్లో దీన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. పేజీలో ప్రకటన వేసే చోట చిన్న ప్రయోగంగా పెట్టుకోనిచ్చారు. "మీకు తెలిసి ఉండవచ్చు" అంటూ చూపిన ఆ పేర్లను జనం మిగతా సూచనలకన్నా 30 శాతం ఎక్కువగా నొక్కారు. ఆ తర్వాత దాన్ని ఎవరూ ప్రయోగం అనలేదు.

ఈ యంత్రమే గ్రనొవెటర్ మాటకు పెద్ద పరీక్ష కూడా అయింది. సభ్యుల్లో కొందరికి దగ్గరివాళ్లను, కొందరికి దూరపువాళ్లను ఎక్కువగా చూపిస్తూ 2015 నుంచి 2019 దాకా లింక్డ్‌ఇన్ ప్రయోగాలు చేసింది. 2022లో 'సైన్స్' పత్రికలో ఫలితాలొచ్చాయి: 2 కోట్ల మంది, 200 కోట్ల కొత్త పరిచయాలు, 6 లక్షల కొత్త ఉద్యోగాలు. తాము ప్రయోగంలో ఉన్నామని ఆ 2 కోట్ల మందికి తెలియదు. బతుకుతెరువుతో ముడిపడిన విషయంలో ఇది చెప్పి చేయాల్సిన పని అని నేను గట్టిగా నమ్ముతాను. ఫలితం మాత్రం విలువైనది. పలచని పరిచయాలే ఉద్యోగానికి ఎక్కువ తోడ్పడ్డాయి, అయితే మరీ పలచనివి కావు. సుమారు పదిమంది ఉమ్మడి పరిచయస్తులున్న పరిచయం అన్నిటికన్నా బాగా పనిచేసింది. ఆ పైన దగ్గరితనం పెరిగేకొద్దీ ఫలం తగ్గుతూ వచ్చింది.

ఇప్పుడు ఇదే యంత్రాన్ని ఒక ఫ్రెషర్ చేతిలో పెట్టి చూడాలి. నరసరావుపేట దగ్గరో నల్గొండ దగ్గరో ఇంజినీరింగ్ పూర్తిచేసిన అమ్మాయి, ఇంట్లో మొదటి డిగ్రీ ఆమెదే. యాప్ తెరిస్తే కనిపించేది క్లాసులోని 60 మందే. వాళ్ల మధ్య 1,770 జంటలు కుదురుతాయి, యంత్రం వాటన్నిటినీ శ్రద్ధగా కలుపుతుంది. కలిపాక కూడా అందరూ ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లే, కంపెనీ లోపల ఉన్నవాడు ఒక్కడూ లేడు. త్రిభుజం గీయడానికి రెండు గీతలు ముందే ఉండాలి. మేనమామ గచ్చిబౌలిలో మేనేజరుగా ఉన్నవాడికి ఆ గీతలు పుట్టుకతోనే ఉంటాయి. ఉన్నవాడికి ఇంకా పెట్టే గుణం ఈ యంత్రం నిర్మాణంలోనే ఉంది. కొత్తవాళ్ల కోసం యాప్ కట్టేవాళ్లు ముందు ఒప్పుకోవాల్సింది దీన్నే: త్రిభుజాలు పూర్తిచేయడం కాదు, మొదటి గీత గీయడం అసలు పని.

ఆ గీత ఎవరి వైపు? కంపెనీ అధిపతుల ఫొటోలు పెట్టి ఆశపెట్టే యాప్‌ల మీద నాకు నమ్మకం లేదు. వాళ్లతో మన అమ్మాయికి ఉమ్మడి పరిచయం సున్నా. అదే కాలేజీలో మూడు నాలుగేళ్ల ముందు చదివి, ఇప్పుడు టెస్టింగ్‌లోనో సపోర్ట్‌లోనో పనిచేస్తున్న సీనియర్ అక్క అయితే ఇద్దరికీ తెలిసిన లెక్చరర్లు, మధ్య బ్యాచ్‌లవాళ్లు కలిపి పదిమంది ఉంటారు. ఇంటర్వ్యూలో ఏం అడిగారో ఆమెకు ఇంకా గుర్తుంది. రెఫరల్ పెట్టే వీలూ ఉంది.

కష్టమల్లా ఆ అక్క తీరిక దగ్గర వస్తుంది. పేరు బయటపడగానే వందల మెసేజీలు వస్తాయి, రెండు వారాలకు ఆమె చూడటం మానేస్తుంది. దీనికి విరుగుడు 1962లో గణితవేత్తలు డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ కాగితం మీద పెట్టిన, జోడీలు కుదిర్చే పద్ధతిలో ఉంది. కోరేవాళ్లు తమ మొదటి ఎంపికను అడుగుతారు. ఎంపిక చేసేవాళ్లు తమ పరిమితి మేరకు కొందరిని తాత్కాలికంగా ఉంచుకుని మిగతావాళ్లను వదులుతారు. వదిలినవాళ్లు తమ రెండో ఎంపికకు వెళ్తారు. అక్కడ వాళ్లే మెరుగైతే, ముందు ఉంచుకున్నవాళ్లు కదలాలి. ఇలా సాగి ఆగేసరికి, కుదిరిన జోడీని విడిచి మరొకరితో వెళ్లాలని ఇరువైపులా కోరుకునే జంట ఒక్కటీ మిగలదు. ఇందులో ఒక సూక్ష్మం ఉంది: ముందు అడిగే పక్షానికే సాధ్యమైనవాటిలో మంచి ఫలితం దక్కుతుంది. అమెరికాలో కొత్త డాక్టర్లకు ఆస్పత్రులు కేటాయించే ఏర్పాటు 1952 నుంచి ఆస్పత్రుల వైపునుంచే నడిచింది. ఆర్థికవేత్త ఆల్విన్ రాత్ దాన్ని తిరగరాశాక, 1998 నుంచి అడిగే వంతు డాక్టర్లకు వచ్చింది. 2012లో రాత్‌కు, షాప్లీకి ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది.

కొత్తవాళ్ల కోసం కట్టే యాప్‌లోనూ అడిగే వంతు ఫ్రెషర్‌దే కావాలి. సీనియర్ల వరుసను ఆమే రాసుకుంటుంది. ప్రతి సీనియర్ నెలకు ఇద్దరినో ముగ్గురినో మించి తీసుకోకుండా యాపే ఆపాలి. ఫోన్ నంబర్లు ఇరువైపులా కనబడకూడదు. ఆడపిల్లలు నిర్భయంగా అడగాలంటే ఇది తప్పదు. డబ్బు మాటెత్తిన ఖాతా అక్కడికక్కడే మూతపడాలి, ఎందుకంటే బ్యాక్‌డోర్ ఉద్యోగాల పేరుతో లక్షలు పోగొట్టుకున్న కుటుంబాలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. ప్రశ్న తెలుగులో రాసే వీలుండాలి. "గైడ్ చేయండి సర్" అని కాక, "మాన్యువల్ టెస్టింగ్ నేర్చుకున్నాను, ఆటోమేషన్ లేకుండా మీ టీమ్‌లో తీసుకుంటారా?" అన్నంత స్పష్టంగా అడిగేలా ఖాళీలు ఇవ్వాలి, అలాంటి ప్రశ్నకు ఐదు నిమిషాల్లో జవాబు రాయొచ్చు. వారంలో జవాబు రాకపోతే, ఆ అమ్మాయి మళ్లీ బతిమాలుకునే పని లేకుండా, ప్రశ్న తనంతట తానే ఆమె జాబితాలోని తర్వాతి సీనియర్‌కు చేరిపోవాలి.