రాని నెలసరి: ఎక్కడ ఆగిందో చూడాలి

నెలసరి ఆగితే మన ఇళ్లలో రెండు మాటలు వినిపిస్తాయి. పెళ్లయిన అమ్మాయి అయితే "ఏమైనా విశేషమా?" అంటారు. కాదని తేలితే "చెడు రక్తం లోపలే ఉండిపోతోంది, ఎలాగైనా కిందికి దించాలి" అంటారు. మొదటి ప్రశ్న సరైనదే. చిక్కంతా రెండో మాటతోనే. ఆ భయంతో బొప్పాయి, నువ్వులు, బెల్లంతో మొదలుపెట్టి, మందుల షాపులో అడిగి కొనుక్కునే మాత్రల దాకా వెళతారు. నిజానికి నెలసరి ఆగిన చాలామందిలో లోపల పేరుకున్న రక్తమంటూ ఏదీ ఉండదు.

రక్తం ఎలా వస్తుంది?

మెదడు అడుగున హైపోథలామస్ అనే చిన్న భాగం ఉంది. అది గంటకో గంటన్నరకో ఒకసారి కొద్దిపాటి హార్మోన్‌ను వదులుతుంది. అది అందగానే హైపోథలామస్ కిందనే ఉన్న పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే రెండు హార్మోన్లను రక్తంలోకి పంపుతుంది. అవి అండాశయాలను చేరి అండం ఎదిగేలా చేస్తాయి. అండం ఎదిగే కొద్దీ ఈస్ట్రోజెన్ పెరుగుతుంది, గర్భసంచి లోపలి పొర మందమవుతుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ తోడై ఆ పొరను గర్భానికి సిద్ధం చేస్తుంది. గర్భం రాకపోతే రెండు హార్మోన్లూ పడిపోతాయి. పొర ఊడి రక్తంతో పాటు బయటికి వస్తుంది.

పై నుంచి కబురు రాకపోతే పొర తయారవదు. పొరే లేనప్పుడు దించడానికీ ఏమీ ఉండదు. కాలువ చివరి పొలానికి నీళ్లు అందకపోతే రైతు ఆ పొలంలోనే తవ్వుతూ కూర్చోడు, గట్టు వెంట పై తూము దాకా నడిచి ఎక్కడ ఆగిందో చూస్తాడు. డాక్టరు చేసే పనీ అదే.

ఎన్నాళ్లు చూడాలి?

పెద్దవాళ్లలో 21 నుంచి 35 రోజులకోసారి నెలసరి రావడం మామూలే. జ్వరం, ప్రయాణం, పరీక్షల ఒత్తిడి వల్ల ఒకసారి వారం, పది రోజులు అటూ ఇటూ అయితే కంగారు అక్కర్లేదు. క్రమంగా వచ్చేవాళ్లకు మూడు నెలలు, మొదటి నుంచీ క్రమం లేనివాళ్లకు ఆరు నెలలు రాకపోతే కారణం వెతకాలి. ఆడపిల్ల 15 ఏళ్లు నిండినా పెద్దమనిషి కాకపోయినా, 13 ఏళ్లకు కూడా రొమ్ములు ఎదగడం మొదలు కాకపోయినా డాక్టరుకు చూపించాలి. "మా వంశంలో ఆలస్యమే" అని పదిహేడు, పద్దెనిమిది దాకా ఆగకూడదు.

జబ్బు కాని కారణాలు

అన్నిటికన్నా ముందు గర్భం. పెళ్లి, వయసు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్, వాడుతున్న మాత్రలు ఏవీ దీన్ని పక్కన పెట్టడానికి చాలవు. కిట్‌తో మూత్ర పరీక్ష చేసుకుని, లేదని వచ్చినా నెలసరి రాకపోతే వారం తర్వాత మళ్లీ చేసుకోవాలి. నెల తప్పి, పొత్తికడుపులో ఒకవైపు నొప్పి, కొద్దిగా రక్తం కనిపించడం, కళ్లు తిరగడం ఉంటే మాత్రం ఇంట్లో ఉండకూడదు. గర్భం ట్యూబులో నిలిచి ఉండవచ్చు. అది ప్రాణాపాయం.

బిడ్డకు పాలిచ్చే తల్లికి నెలసరి రాకపోవడం సహజం. అలాగని గర్భం రాదనుకోకూడదు. కాన్పయి ఆరు నెలలు దాటకుండా, బిడ్డకు తల్లిపాలు తప్ప ఇంకేమీ పెట్టకుండా, నెలసరి అసలు కనిపించకుండా ఉన్నప్పుడే ఆ రక్షణ గట్టిది. మూడింట్లో ఒకటి తప్పినా నమ్మకం లేదు. మొదటి నెలసరి కన్నా ముందే అండం విడుదల కావచ్చు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో 'అంతర' పేరుతో మూడు నెలలకోసారి ఇచ్చే ఇంజెక్షన్ వల్ల, హార్మోన్ ఉన్న లూప్ వల్ల చాలామందికి నెలసరి తగ్గుతుంది, కొందరికి ఆగిపోతుంది. గర్భసంచి పొర పలచబడటమే కారణం. హాని లేదు, రక్తం లోపల చేరడమూ లేదు. ఇంజెక్షన్ ఆపాక మళ్లీ మొదలవడానికి కొన్ని నెలలు పడుతుంది. ఈ సంగతి ముందే చెప్పకపోవడం వల్ల భయపడి మానేసేవాళ్లు ఉన్నారు. ఇక పెళ్లికో వ్రతానికో నెలసరిని వాయిదా వేసే మాత్రలు ఆపితే మామూలుగా రెండు, మూడు రోజుల్లో వస్తుంది. వారం దాటినా రాకపోతే గర్భ పరీక్ష చేసుకోవాలి.

తలలో ఆగితే

ఒంట్లో శక్తి చాలనప్పుడు శరీరం ముందుగా గర్భధారణ పనిని పక్కన పెడుతుంది. 1944-45 చలికాలంలో, యుద్ధం మధ్య నెదర్లాండ్స్‌లో తీవ్రమైన కరువు వచ్చినప్పుడు ఎందరో స్త్రీలకు నెలసరి ఆగిపోయింది. తిండి దొరికాక మళ్లీ మొదలైంది. ఈనాడు అదే స్థితి కడుపు మాడ్చుకుని త్వరత్వరగా బరువు తగ్గేవాళ్లలో, చాలినంత తినకుండా కఠిన సాధన చేసే క్రీడాకారిణుల్లో, తీవ్రమైన మనోవేదనలో ఉన్నవాళ్లలో కనిపిస్తుంది. హైపోథలామస్ కబురు పంపడం మానేస్తుంది. ఈస్ట్రోజెన్ లేక ఎముకలు పలచబడతాయి. దీనికి అసలు మందు చాలినంత తిండి, విశ్రాంతి, అవసరమైతే మానసిక వైద్యం.

పిట్యూటరీలో ఎక్కువగా కనిపించే తేడా ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరగడం. బిడ్డ లేకుండానే రొమ్ముల నుంచి పాలు రావడం, తలనొప్పి, పక్క చూపు తగ్గడం దాని గుర్తులు. గ్రంథిలో చిన్న గడ్డ ఉన్నా చాలామందికి మాత్రలతోనే నయమవుతుంది. వాంతులకు, గ్యాస్‌కు వాడే డోంపెరిడోన్, లెవోసల్పిరైడ్, కొన్ని మానసిక వ్యాధుల మందులు కూడా ప్రొలాక్టిన్‌ను పెంచుతాయి. కాబట్టి వాడే మందులన్నీ డాక్టరుకు చూపించాలి. మానసిక వ్యాధి మందులను మాత్రం సొంతంగా ఆపకూడదు. థైరాయిడ్ తేడా కూడా నెలసరిని తప్పిస్తుంది. అది రక్త పరీక్షతో తేలిపోతుంది.

కాన్పులో విపరీతంగా రక్తం పోయిన తల్లికి పాలు పడకపోవడం, నెలసరి తిరిగి రాకపోవడం, తీరని నీరసం ఉంటే షీహన్ సిండ్రోమ్‌ను అనుమానించాలి. రక్తం చాలక పిట్యూటరీ దెబ్బతినడం వల్ల ఇది వస్తుంది. 1937లో హెరాల్డ్ షీహన్ దీన్ని వివరించారు. "బాలింత నీరసం" అనుకుని ఏళ్ల తరబడి వదిలేస్తారు గానీ, లోపించిన హార్మోన్లను మాత్రలుగా ఇస్తే మనిషి కోలుకుంటుంది.

అండాశయాల దగ్గర ఆగితే

అందరికీ తెలిసిన పీసీఓడీ ఇక్కడిది. అండాలు సగం ఎదిగి ఆగిపోతాయి, నెలనెలా విడుదల కావు. మగ హార్మోన్లు కాస్త ఎక్కువై గడ్డం మీద రోమాలు, మొటిమలు రావచ్చు. చాలామందిలో ఇన్సులిన్ సరిగా పనిచేయదు. ఇక్కడ ఒక విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. పీసీఓడీలో ఈస్ట్రోజెన్ ఉంటుంది, ప్రొజెస్టెరాన్ ఉండదు. కాబట్టి పొర ఊడకుండా పెరుగుతూ పోతుంది. ఏళ్ల తరబడి అలా వదిలేస్తే గర్భసంచి పొరకు క్యాన్సర్ వచ్చే ముప్పు పెరుగుతుంది. అందుకే మూడు నెలలకోసారైనా నెలసరి వచ్చేలా డాక్టర్లు మందులిస్తారు. బరువు ఎక్కువున్నవాళ్లు అందులో నూటికి ఐదు నుంచి పది వంతులు తగ్గించుకుంటే చాలామందిలో అండం విడుదల మళ్లీ మొదలవుతుంది.

నలభై ఏళ్ల లోపే అండాశయాల పని తగ్గిపోవడం సుమారు వందలో ఒకరికి జరుగుతుంది. కీమోథెరపీ, రేడియేషన్, జన్యు కారణాలు ఉండవచ్చు. చాలాసార్లు కారణం తెలియదు. ఒంట్లోంచి వేడి ఆవిర్లు, నిద్రలేమి తోడవుతాయి. "ముట్లు త్వరగా ఉడిగాయి, పీడా పోయింది" అనుకోవద్దు. ఎముకలకు, గుండెకు హాని జరగకుండా ఇలాంటివాళ్లకు సహజంగా ముట్లుడిగే వయసు దాకా హార్మోన్లు ఇస్తారు.

గర్భసంచిలో, దారిలో ఆగితే

గర్భస్రావం తర్వాతో, కాన్పు తర్వాతో గర్భసంచిని శుభ్రం చేసినప్పుడు లోపలి గోడలు అతుక్కుపోవచ్చు. మన దేశంలో క్షయ కూడా గర్భసంచిని దెబ్బతీస్తుంది. దగ్గు లేకుండానే ఇలా రావచ్చు. క్షయ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది.

రక్తం నిజంగా లోపల చేరే సందర్భమూ ఉంది, కానీ అది అరుదు. పెద్దమనిషి కాని అమ్మాయికి నెలనెలా కడుపునొప్పి వస్తుంటే, యోని ద్వారాన్ని పుట్టుకతోనే పొర మూసి ఉండవచ్చు. చిన్న ఆపరేషన్‌తో సరిపోతుంది. సుమారు ఐదు వేల మంది ఆడపిల్లల్లో ఒకరు గర్భసంచి ఎదగకుండానే పుడతారు. ఆ అమ్మాయి తప్పు అందులో రవ్వంత లేదు.

మరో కారణం మనం చేతులారా తెచ్చుకునేది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం దేశంలోనే ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎక్కువ. తెల్లబట్టకో, క్రమం తప్పిన నెలసరికో భయపడి ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలి. క్రమం తప్పడానికి కారణం పై అంచెల్లో ఉంటే, గర్భసంచి తీసినా అది అలాగే ఉంటుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు

గర్భం లేదని తేలాక సాధారణంగా థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, ఎఫ్‌ఎస్‌హెచ్ పరీక్షలు, కడుపు స్కానింగ్ చేయిస్తారు. కొన్ని రోజులు ప్రొజెస్టెరాన్ మాత్రలిచ్చి చూడవచ్చు. ఆపాక రక్తం వస్తే పొర తయారైందనీ, దారి తెరిచే ఉందనీ అర్థం. అది కారణాన్ని వెతకడంలో ఒక మెట్టు మాత్రమే. చివరి నెలసరి తేదీలు, బరువులో మార్పు, వాడుతున్న మందులు, కాన్పులు, గర్భస్రావాల వివరాలు రాసుకుని వెళ్లండి.

మాత్ర వేసుకుంటే రక్తం కనిపించినంత మాత్రాన వైద్యం అయిపోయినట్టు కాదు. ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అని డాక్టరును అడగండి. అర్థమయ్యేదాకా అడగండి.