జీతం పెరిగినా సంచి నిండదేల?
బర్మామైన్స్ కార్మికుల నిజ వేతనం

ఝార్ఖండ్ రాష్ట్రంలోని జంషెడ్‌పూర్ నగరంలో, టాటానగర్ రైల్వే స్టేషనుకు సమీపాన బర్మామైన్స్ అనే పేట ఉన్నది. పేరు విన్నవారు అక్కడేదో గని ఉన్నదని భ్రమపడతారు. గని లేదు. బర్మా దేశపు గనులనుండి వచ్చే జింకు ఖనిజాన్ని శుద్ధిచేయడానికి ఒకప్పుడు తలపెట్టిన కర్మాగారం పేరు ఈ పేటకు నిలిచిపోయిందని చెబుతారు. ఉక్కు గొట్టాల కర్మాగారం, చిన్నా పెద్దా పనిశాలలు, కార్మికుల బస్తీలు నేటి బర్మామైన్స్‌లో కనిపిస్తాయి.

హో, సంతాల్ ఆదివాసీలతోబాటు ఒడిశా, బెంగాల్, బీహార్, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాల వారూ, ఉత్తరాంధ్రనుండి తరలివచ్చిన తెలుగువారూ ఈ ఉక్కునగరంలో తరతరాలుగా కలసి జీవిస్తున్నారు. భాషలు వేరైనా, నెలాఖరున వారి ఇళ్లలో వినిపించే మాట ఒక్కటే: జీతం పెరిగింది, కాని చేతిలో మిగలడంలేదు. ఈ మాటలోని నిజమెంతో తెలుసుకోవాలంటే వేతనానికి గల రెండు ముఖాలను గుర్తించాలి.

రెండు వేతనాలు

కార్మికుని చేతికి వచ్చే రూపాయల మొత్తం ద్రవ్య వేతనం. ఆ రూపాయలతో అతడు కొనగలిగే బియ్యం, పప్పు, బట్ట, ఇంటి వసతి నిజ వేతనం. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక కార్మికుని నెలజీతం 12,000 రూపాయలనుండి 12,600 రూపాయలకు పెరిగిందనుకొందాం. పెరుగుదల నూటికి 5. అదే కాలంలో ధరల సూచీ 100నుండి 108కి చేరిందనుకొందాం. 12,600ను 108తో భాగించి 100తో హెచ్చవేస్తే సుమారు 11,667 వస్తుంది. అంటే జీతపు కాగితం మీద 600 రూపాయలు పెరిగినా, బజారులో ఆ కార్మికుడు పాత ధరల లెక్కన 333 రూపాయలు నష్టపోయినట్లే.

ఈ నష్టాన్ని పూరించడానికే కరువు భత్యం ఏర్పడింది. హిందీలో దీనిని మహంగాయీ భత్తా అంటారు. అందులో ధరల ప్రియం కనిపిస్తుంది. తెలుగు మాటలో ఇంట్లోని కొరత కనిపిస్తుంది. నిజ వేతనమనే భావంలో ఈ రెండూ ఇమిడి ఉన్నాయి.

చరిత్ర చెప్పే పాఠం

జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినం 1912లోనే అమలులోకి వచ్చింది. అయినా మొదటి ప్రపంచయుద్ధం తెచ్చిన ధరల పెరుగుదలకు వేతనాలు తట్టుకోలేకపోయాయి. 1920లో కార్మికులు సమ్మెకు దిగారు. ఆ సంవత్సరమే జంషెడ్‌పూర్ లేబర్ అసోసియేషన్ ఏర్పడింది. అనంతర కాలంలో సుభాష్ చంద్రబోస్ ఆ సంఘానికి అధ్యక్షులయ్యారు.

ఇది మన దేశానికే పరిమితమైన అనుభవం కాదు. అమెరికాలోని షికాగో నగరపు మాంస పరిశ్రమలో కూడ యుద్ధకాలపు ధరలు వివాదానికి దారితీశాయి. 1918లో మధ్యవర్తిగా వ్యవహరించిన న్యాయమూర్తి శామ్యూల్ ఆల్షూలర్ ఆ కార్మికులకు ఎనిమిది గంటల పనిదినాన్ని, వేతనాల పెంపును మంజూరు చేశారు. ఉక్కు కాచేవారికైనా, మాంసం కోసేవారికైనా రూపాయి విలువ, డాలరు విలువ బజారులోనే తేలుతుంది.

సూచీ ఎలా తయారవుతుంది?

పారిశ్రామిక కార్మికుల వినియోగదారుల ధరల సూచీని కేంద్ర ప్రభుత్వ లేబర్ బ్యూరో ప్రకటిస్తుంది. 2016 ఆధార సంవత్సరంగా గల ప్రస్తుత శ్రేణిలో 88 కేంద్రాలు ఉన్నాయి. వాటిలో జంషెడ్‌పూర్ ఒకటి. కార్మిక కుటుంబాలు దేనికెంత ఖర్చుచేస్తున్నాయో సర్వేచేసి, ఆ నిష్పత్తిలో ఒక్కొక్క పద్దుకు ప్రాముఖ్యాన్ని నిర్ణయిస్తారు. అఖిల భారత స్థాయిలో ఆహారపు వాటా 1982 శ్రేణిలో నూటికి 57 ఉండగా, 2001 శ్రేణిలో 46.2కు, 2016 శ్రేణిలో 39.2కు తగ్గింది. ఇంటి వసతి వాటా మాత్రం 2001లోని 15.3నుండి 2016లో 16.9కి పెరిగింది.

ఇక్కడొక విషయం గమనార్హం. సూచీ సగటును చెబుతుంది. ఆదాయం తగ్గినకొద్దీ ఖర్చులో ఆహారపు వాటా పెరుగుతుందని జర్మన్ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఏంగెల్ 1857లోనే నిరూపించాడు. కనుక బియ్యం, కూరగాయల ధరలు పెరిగినప్పుడు దినకూలీ కుటుంబానికి తగిలే దెబ్బ సూచీలో కనిపించే దానికంటె పెద్దది. అఖిల భారత సగటుపై లెక్కించిన భత్యం, ధరలు ఎక్కువగా పెరిగిన ఊరిలో చాలదు. తక్కువగా పెరిగిన ఊరిలో కొంత మిగులుతుంది.

ఒకే జీతం, రెండు జీవితాలు

జంషెడ్‌పూర్ వంటి కంపెనీ నగరంలో ఈ తేడా మరింత స్పష్టం. కంపెనీ క్వార్టరులో ఉండే శాశ్వత కార్మికునికి ఇల్లు, నీరు, వైద్యం కొంతవరకు సంస్థ సదుపాయంగా లభిస్తాయి. అవి జీతపు చీటీలో కనిపించని వేతనం. పక్కనే బస్తీలో ఉండే కాంట్రాక్టు కార్మికుడు వాటన్నింటినీ జేబులోంచి కొనుక్కోవాలి. ఇద్దరికీ నెలకు 15,000 రూపాయలే వస్తున్నాయనుకొందాం. రెండవవాడు అద్దెకు, నీటికి, మందులకు 5,000 చెల్లిస్తే, తిండికీ, పిల్లల చదువుకూ అతనికి మిగిలేది 10,000 మాత్రమే.

కుటుంబాన్ని స్వగ్రామంలో విడిచి వచ్చినవారిది మరొక చిక్కు. అక్కడొక పొయ్యి, ఇక్కడొక పొయ్యి. రెండు ఊళ్ల ధరలూ ఒకే జీతం మీద పడతాయి. ఏ ఒక్క కేంద్రపు సూచీ ఈ భారాన్ని పూర్తిగా చూపలేదు.

కొలబద్ద ఏది?

1957లో జరిగిన 15వ భారత కార్మిక మహాసభ అవసరాల ఆధారంగా కనీస వేతనాన్ని నిర్వచించింది. ముగ్గురు వినియోగదారులతో సమానమైన కుటుంబానికి తగిన ఆహారం, ఏడాదికి 72 గజాల బట్ట, కనీస వసతికి అద్దె, ఇంధనం, దీపం, ఇతర ఖర్చులకు నూటికి 20 అందులో చేరాయి. 1991లో సుప్రీంకోర్టు రాప్టకోస్ బ్రెట్ కేసులో పిల్లల చదువు, వైద్యం, వృద్ధాప్యపు ఏర్పాట్ల వంటివాటికి మరొక నూటికి 25 చేర్చాలని తీర్పు చెప్పింది. వేతనాన్ని రూపాయలతో కాక, బతుకు అవసరాలతో కొలవాలన్నదే దీని సారాంశం.

విద్యార్థులు ఈ పాఠాన్ని తమ ఇంటినుండే ప్రారంభించవచ్చు. ఒక సంవత్సరంపాటు ఇంటి పద్దులు రాసి, బియ్యం, నూనె, అద్దె, బస్సుచార్జీలు ఎంత మారాయో చూస్తే, అమ్మ నెలాఖరున డబ్బాలు ఎందుకు తడుముతుందో అర్థమవుతుంది. బర్మామైన్స్ బస్తీలోనైనా, శ్రీకాకుళం పల్లెలోనైనా ఆ పద్దు పుస్తకం చెప్పే అర్థశాస్త్రం ఒక్కటే.