గేరు సూచిక దీపం

చేతితో గేర్లు మార్చే అనేక కార్లలో వేగమాపకం ప్రక్కన అప్పుడప్పుడు ఒక చిన్న బాణపు గుర్తు వెలుగుతుంది. బాణం మొన పైకి ఉంటే పై గేరుకు మారమని అర్థం. క్రిందికి ఉంటే క్రింది గేరుకు దిగమని అర్థం. కొన్ని కార్లలో బాణంతో పాటు ఏ గేరు వేయాలో ఆ అంకె కూడా కనిపిస్తుంది. దీనినే గేరు సూచిక దీపం అంటారు. కారు నడిపేవారిలో చాలామంది దీనిని చూచీచూడనట్లు వదిలివేస్తారు. మరికొందరు అది వెలిగిన ప్రతిసారీ ఆజ్ఞగా భావించి గేరు మారుస్తారు. ఈ రెండు పద్ధతులూ సరైనవి కావు. ఆ దీపం దేనిని లెక్కించి వెలుగుతుందో, దేనిని లెక్కించలేదో తెలిసినప్పుడే దానిని సక్రమంగా వినియోగించుకోగలం.

మొదట గేర్ల అవసరమేమిటో తెలుసుకోవాలి. పెట్రోలు ఇంజన్ నిమిషానికి సుమారు వేయి తిరుగుళ్లకన్న తక్కువ వేగంతో బరువును లాగలేదు. నిలిచి ఉన్న కారు చక్రాల వేగం సున్న. ఈ రెంటినీ నేరుగా కలిపితే ఇంజన్ ఆగిపోతుంది. అందుచేత మొదటి గేరులో ఇంజన్ అనేకసార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరిగేటట్లు అమర్చుతారు. అప్పుడు వేగం తగ్గి, లాగే బలం పెరుగుతుంది. కారు వేగం పుంజుకొన్న కొద్దీ అంత బలం అవసరముండదు. గేర్లున్న సైకిలు త్రొక్కినవారికి ఇది అనుభవమే. బయలుదేరేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు తేలికగా తిరిగే గేరు కావాలి. సమతలంపై వేగం అందుకొన్న తరువాత కూడా అదే గేరులో త్రొక్కితే కాళ్లు గిరగిర తిరుగుతాయి గాని సైకిలు అందుకు తగినంత ముందుకు సాగదు.

ఇంజన్ విషయంలోనూ అంతే. సమతలమైన రోడ్డుపై నిలకడగా సాగే కారుకు కావలసిన శక్తి స్వల్పం. ఆ శక్తిని ఇంజన్ రెండు విధాలుగా ఇవ్వగలదు. ఎక్కువసార్లు తిరుగుతూ ప్రతి తిరుగుడులో కొద్దిగా శ్రమించడం ఒక విధం. తక్కువసార్లు తిరుగుతూ ప్రతి తిరుగుడులో ఎక్కువగా శ్రమించడం రెండవ విధం. మొదటి విధానంలో నష్టం ఎక్కువ. ఇంజన్ వేగంగా తిరిగిన కొద్దీ పిస్టన్లు, బేరింగుల రాపిడికి ఖర్చయ్యే శక్తి పెరుగుతుంది. ఇదిగాక పెట్రోలు ఇంజన్‌లో మరొక నష్టమున్నది. యాక్సిలరేటర్‌ను కొద్దిగా మాత్రమే నొక్కినప్పుడు గాలి లోనికి వచ్చే ద్వారం చాలవరకు మూసుకొని ఉంటుంది. సగం నొక్కిపట్టిన గొట్టంతో కొబ్బరినీళ్లు పీల్చినట్లు, ఇంజన్ ఆ ఇరుకు దారిగుండా శ్రమపడి గాలి పీల్చుకోవాలి. పై గేరులో అదే వేగంతో సాగడానికి ఆ ద్వారం మరికొంత తెరచుకోవాలి, శ్వాస సులభమవుతుంది. అందుచేతనే ఒకే వేగంతో పై గేరులో సాగే కారు తక్కువ పెట్రోలు త్రాగుతుంది.

ఇప్పుడు సూచిక పనిచేసే తీరును పరిశీలిద్దాం. ఇంజన్‌లోని క్రాంక్ ఇరుసు ప్రక్కన ఒక సెన్సరు ఉంటుంది. అది ఇరుసుతో తిరిగే పళ్లచక్రాన్ని గమనిస్తూ, ఇంజన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతున్నదో తెలుపుతుంది. చక్రాల వేగాన్ని మరికొన్ని సెన్సర్లు తెలుపుతాయి. యాక్సిలరేటర్‌ను ఎంత నొక్కినారో, క్లచ్ నొక్కి ఉన్నదో లేదో, ఇంజన్ ఎంత వేడిగా ఉన్నదో తెలిపే సెన్సర్లు, స్విచ్‌లు వేరుగా ఉంటాయి. ఈ సమాచారమంతా ఇంజన్‌ను నియంత్రించే చిన్న కంప్యూటరుకు చేరుతుంది.

చాలా కార్లలో ఏ గేరు వేసి ఉన్నదో తెలిపే ప్రత్యేక పరికరం ఉండదు. కంప్యూటరు దానిని భాగహారంతో కనుగొంటుంది. ఒక చిన్న కారును ఊహించుకొందాం. దాని చక్రం ఒకసారి తిరిగితే 1.8 మీటర్ల దూరం సాగుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే నిమిషానికి సుమారు 667 మీటర్లు. అంటే చక్రం నిమిషానికి 370 సార్లు తిరుగుతుంది. గేరుపెట్టె తరువాత వచ్చే చివరి గేరు నిష్పత్తి 4.1 అనుకొందాం. గేరుపెట్టెలోని నిష్పత్తి రెండవ గేరులో 1.9, మూడవ గేరులో 1.4, నాల్గవ గేరులో 1.0 అయితే, అదే వేగంలో ఇంజన్ వరుసగా సుమారు 2,880, 2,120, 1,520 సార్లు తిరుగుతుంది. కనుక చక్రాలు 370 సార్లు తిరిగేటప్పుడు ఇంజన్ 2,120 సార్లు తిరుగుతున్నదంటే కారు మూడవ గేరులో ఉన్నదని కంప్యూటరు గ్రహిస్తుంది. క్లచ్ నొక్కినప్పుడు ఇంజన్‌కు, చక్రాలకు సంబంధం తెగిపోతుంది గనుక ఆ సమయంలో ఈ లెక్క చెల్లదు.

తరువాత కంప్యూటరు రెండు ప్రశ్నలు వేసుకొంటుంది. నాల్గవ గేరుకు మారితే 1,520 తిరుగుళ్లతో ఇంజన్ సాఫీగా నడుస్తుందా? నడిపేవారు కోరుతున్న బలాన్ని ఆ గేరులో ఇవ్వగలదా? రెంటికీ అవునని సమాధానం వస్తే పైకి చూపే బాణం వెలుగుతుంది. యాక్సిలరేటర్‌ను గట్టిగా నొక్కి ముందు వాహనాన్ని దాటుతున్నప్పుడు రెండవ ప్రశ్నకు కాదని సమాధానం వస్తుంది గనుక బాణం ఆలస్యంగా వెలుగుతుంది. అంచుకు దగ్గరగా ఉన్న వేగంలో బాణం మాటిమాటికీ వెలిగి ఆరుతూ ఉంటే నడిపేవారికి చికాకు కలుగుతుంది. అందుచేత పై గేరు సూచించే హద్దుకు, క్రింది గేరు సూచించే హద్దుకు మధ్య కొంత ఎడం ఉంచుతారు.

ఈ దీపం కొత్తది కాదు. 1973లో, 1979లో ప్రపంచాన్ని కుదిపిన చమురు సంక్షోభాల తరువాత ఇంధన పొదుపు కార్ల తయారీదారులకు ముఖ్య లక్ష్యమయింది. 1980ల తొలినాళ్లలో జర్మనీకి చెందిన ఫోక్స్‌వ్యాగన్ సంస్థ 'ఫార్మెల్ ఇ' పేరుతో విడుదల చేసిన పొదుపు కార్లలో గేరు సూచికను అమర్చింది. ఐరోపా సమాఖ్య 2009లో చేసిన 661వ నిబంధన దీనిని చట్టపరమైన అవసరంగా మార్చింది. దాని ప్రకారం చేతితో గేర్లు మార్చే ప్రయాణికుల కార్లలో, 2012 నవంబరు నుండి కొత్త నమూనాలకు, 2014 నవంబరు నుండి అమ్మే కొత్త కార్లన్నింటికీ ఈ సూచిక తప్పనిసరి అయింది. పందెపు కార్లలోనూ గేరు మార్చమనే దీపాలుంటాయి. అయితే వాటి ఉద్దేశం వేరు. ఇంజన్ గరిష్ఠ శక్తిని ఇచ్చే అధిక వేగాన్ని చేరినప్పుడు అవి వెలుగుతాయి. మన కారులోని దీపం కోరేది పొదుపును; పందెపు కారులోని దీపం కోరేది వేగాన్ని.

పొదుపు చిన్న విషయం కాదు. భారతదేశం తనకు కావలసిన ముడి చమురులో 80 శాతానికి పైగా దిగుమతి చేసుకొంటున్నది. ఒక లీటరు పెట్రోలు కాలినప్పుడు సుమారు 2.3 కిలోగ్రాముల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. అందుచేత రద్దీ లేని సమతలమైన రోడ్డుపై ఆ బాణపు సలహాను పాటించడం ఇంటికీ దేశానికీ మేలు చేస్తుంది.

అయితే కంప్యూటరుకు తెలిసినవి ఇంజన్, చక్రాలు, యాక్సిలరేటర్ మాత్రమే. ముందున్న మలుపు దానికి తెలియదు. సందులోనుండి రోడ్డుమీదికి పరుగెత్తుకొచ్చే బాలుడు దానికి కనిపించడు. మరు నిమిషంలో బస్సును దాటవలెనన్న మన ఆలోచన దానికి తెలియదు. ఈ లోపం కనుమ దారిలో ప్రాణాంతకం కాగలదు. తిరుమల కొండ దిగే దారివంటి చోట కారు క్రిందికి సాగుతున్నప్పుడు మన పాదం యాక్సిలరేటర్‌పై ఉండదు. ఇంజన్‌పై బరువు లేదు, వేగం పెరుగుతున్నది అని మాత్రమే లెక్క వేసి కొన్ని కార్లు పై గేరును సూచించవచ్చు. ఆ సలహాను పాటిస్తే ఇంజన్ కారును అదుపు చేసే శక్తి తగ్గి, భారమంతా బ్రేకులపై పడుతుంది. ఎడతెగకుండా నొక్కిన బ్రేకులు వేడెక్కి పట్టు కోల్పోతాయి. క్రింది గేరులో ఉంటే ఇంజన్ తానే కారును వెనక్కు పట్టి ఉంచుతుంది.

ఇక్కడ మరొక ముఖ్య విషయం గమనించాలి. వాలులో పెట్రోలు ఆదా చేయాలని కొందరు గేరు తీసివేసి న్యూట్రల్‌లో కారును జారనిస్తారు. ఇది అపాయకరమే కాదు, ఆధునిక కార్లలో పొదుపు కూడా కాదు. గేరులో ఉండగా యాక్సిలరేటర్‌ను పూర్తిగా వదలినప్పుడు చక్రాలే ఇంజన్‌ను త్రిప్పుతాయి గనుక కంప్యూటరు ఇంధనాన్ని ఆపివేస్తుంది. ఇంజన్ వేగం బాగా తగ్గినప్పుడే తిరిగి వదులుతుంది. న్యూట్రల్‌లో మాత్రం ఇంజన్ ఆగిపోకుండా ఉండడానికి ఇంధనం కాలుతూనే ఉంటుంది. కనుక కొండ దిగేటప్పుడు క్షేమమూ పొదుపూ క్రింది గేరులోనే ఉన్నవి.

కొండ ఎక్కేటప్పుడు, నిండుగా మనుషులను, సామానును ఎక్కించుకొన్నప్పుడు కూడా తొందరపడి పై గేరుకు మారరాదు. తగినంత వేగం లేని ఇంజన్‌పై అధిక భారం పడితే అది వణుకుతుంది, లోపల తట్టినట్లు శబ్దం చేస్తుంది. ఆ స్థితిలో ఎక్కువసేపు నడపడం ఇంజన్ భాగాలకు హాని. అటువంటప్పుడు క్రిందికి చూపే బాణం వెలిగితే దానిని తప్పక పాటించాలి. బాణం వెలగకపోయినా, ఇంజన్ శబ్దంలో మార్పు వినిపించిన వెంటనే క్రింది గేరుకు దిగడం మంచిది.

గేరు సూచిక దీపం నమ్మదగిన గణకుడు. తనకు అందిన అంకెలతో అది చేసే లెక్కలో సాధారణంగా తప్పుండదు. కాని రోడ్డును చూచేది, ఎదుటివారి క్షేమాన్ని తలచేది స్టీరింగు పట్టిన మనిషి మాత్రమే. రేపు డ్రైవింగు నేర్చుకోబోయే యువతీయువకులు మొదట రోడ్డును చూడడం, ఇంజన్ శబ్దాన్ని వినడం అలవరచుకోవాలి. దారి తిన్నగా, ఖాళీగా ఉన్నప్పుడు బాణం చెప్పినట్లు గేరు మార్చాలి. వాలులో, మలుపులో, జనసమ్మర్దంలో తమ వివేకం చెప్పిన గేరులోనే ఉండాలి.