నొక్కితే నొప్పి ఎందుకు తగ్గుతుంది?

చీకట్లో నడుస్తుంటే కాలివేలు గడపకు తగిలింది. "అబ్బా!" అని కూలబడి మీరు మొదట చేసే పని ఏమిటి? ఆ వేలిని చేత్తో గట్టిగా పట్టుకొని రుద్దుకుంటారు. కాసేపటికి బాధ కొంత తగ్గుతుంది. తలనొప్పి వచ్చినప్పుడు అమ్మమ్మ కణతలు నొక్కితే హాయిగా ఉండటమూ ఇలాంటిదే. నొక్కితే నొప్పి ఎందుకు తగ్గాలి?

మన చర్మంలోనూ కండరాలలోనూ అనేక రకాల నాడీతంతువులు ఉన్నాయి. స్పర్శ వార్తలను మోసే తంతువులు లావైనవి. వాటిలో వార్త సెకనుకు 30 మీటర్లకు మించిన వేగంతో పరుగెత్తుతుంది. సలుపును మోసే తంతువులు చాలా సన్ననివి. వాటిలో వేగం సెకనుకు సుమారు 2 మీటర్లు దాటదు. ఈ రెండు రకాల వార్తలూ వెన్నుపామును చేరి, అక్కడి నుంచి మెదడుకు వెళ్ళాలి.

వెన్నుపాములో గేటు వంటి ఏర్పాటు ఉందని 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. స్పర్శ వార్తలు ఎక్కువగా వస్తే ఆ గేటు కొంత మూసుకుంటుంది. అప్పుడు నొప్పి వార్తలు మెదడుకు తక్కువగా చేరతాయి. ఈ సిద్ధాంతంలోని కొన్ని వివరాలు తరువాత మారినా మూల భావన నిలిచింది. 1975లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్‌లిట్జ్ మెదడులో ఎన్‌కెఫాలిన్లు అనే పదార్థాలను కనుగొన్నారు. నొప్పిని తగ్గించే మందును మన మెదడే తయారు చేసుకుంటుందన్నమాట!

చైనాలో పుట్టిన ఆక్యుప్రెషర్ ఈ నొక్కే పనిని ఒక పద్ధతిగా మలచుకుంది. 'చీ' అనే ప్రాణశక్తి దేహంలో కొన్ని దారుల వెంట ప్రవహిస్తుందనీ, ఆ దారులలోని బిందువులను నొక్కితే జబ్బులు తగ్గుతాయనీ ప్రాచీన చైనా వైద్యులు నమ్మారు. శరీరాన్ని కోసి చూసినవారెవరికీ ఆ దారులు కనబడలేదు. అయితే నొక్కడం వల్ల ఫలితం బొత్తిగా లేదా? అది పరీక్షించి తేల్చవలసిన విషయం.

ఒక బిందువును చూద్దాం. మీ అరచేతిని పైకి తిప్పండి. మణికట్టు ముడత నుంచి మోచేతి వైపుగా మూడు వేళ్ళ వెడల్పు కొలవండి. పిడికిలి బిగిస్తే అక్కడ తాళ్ళలా రెండు స్నాయువులు తేలతాయి. వాటి నడిమి చోటును బొటనవేలితో రెండు మూడు నిమిషాలు, నొప్పి పుట్టనంత బలంగా నొక్కండి. ఇది వికారానికి చెప్పిన బిందువు. శస్త్రచికిత్స తరువాత వచ్చే వికారంపై జరిగిన అనేక పరీక్షలను 2015లో కలిపి సమీక్షించగా, ఈ చోటును ప్రేరేపించినవారిలో అది తగ్గినట్లు కనిపించింది. ఆ ఆధారాలు అంత బలమైనవి కావని కూడా సమీక్షకులు రాశారు.

మీరూ పరీక్షించవచ్చు. బస్సులో కడుపు తిప్పే స్నేహితుడికి ఒక ప్రయాణంలో ఈ చోటును, మరొక ప్రయాణంలో వేరే చోటును నొక్కమనండి. అసలు బిందువు ఏదో మాత్రం చెప్పకండి. చెబితే "తగ్గుతుంది" అన్న నమ్మకమే కొంత పని చేసి లెక్క తప్పిస్తుంది. ఒకటి రెండు ప్రయాణాలతో నిర్ణయానికి రాకండి. ప్రతిసారీ ఫలితాన్ని పుస్తకంలో రాసుకోండి.

చాలాసేపు చదివి భుజాలు పట్టేసినప్పుడు మెడకూ భుజానికీ నడిమి కండరాన్ని ఎదుటి చేతి వేళ్ళతో మెల్లగా పిసికినా సుఖంగా ఉంటుంది. మెడ ముందు భాగాన్ని మాత్రం నొక్కకూడదు. గాయం, వాపు, విరిగిన ఎముక ఉన్నచోట కూడా నొక్కరాదు.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. బొడ్డు దగ్గర మొదలైన నొప్పి పొట్ట కుడివైపు కిందికి జరిగితే అది అపెండిక్స్ వాపు కావచ్చు. అప్పుడు బిందువులు వెతుకుతూ కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే పెద్దలకు చెప్పి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. నొప్పి కాపలా కుక్క వంటిది. మొరిగే కుక్కను జోకొట్టి ఊరుకోబెట్టవచ్చు. కాని దొడ్లోకి దొంగ వచ్చాడేమో ముందు చూసుకోవాలి కదా!