పాత బండిలో పంపు చోటు మార్చవచ్చునా?

కొన్నేళ్ల క్రిందట ఒక మే నెల మధ్యాహ్నం, ఆలాపల్లి నుండి సిరొంచకు వచ్చే అడవి దారిలో మేము ఎక్కిన పాత పెట్రోలు జీపు హఠాత్తుగా ఆగిపోయింది. లోపల జ్వరంతో ఒక పసిబిడ్డ. ట్యాంకులో పెట్రోలు ఉంది, బ్యాటరీ బాగుంది. డ్రైవరు బానెట్ ఎత్తి, ఇంజనుకు బిగించిన చిన్న పంపుపై తడిగుడ్డ కప్పాడు. అరగంటకు గాని బండి కదలలేదు.

మన వైపు పెట్రోలు పంపు అనగానే బంకు గుర్తుకు వస్తుంది. ఇక్కడ చెప్పేది ట్యాంకు నుండి కార్బురేటరుకు పెట్రోలును చేరవేసే పంపు గురించి. పాత జీపులలో అది ఇంజను ప్రక్కనే ఉండి, దూరాన ఉన్న పెట్రోలును పీల్చుకుంటుంది. పీల్చేటప్పుడు గొట్టంలో ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే ద్రవం తక్కువ వేడికే మరుగుతుంది. పెట్రోలులోని తేలిక భాగాలు 35-40 డిగ్రీల దగ్గరే మరగనారంభిస్తాయి. మన ఎండలే 45 డిగ్రీలను తాకుతాయి. బానెట్ క్రింద వేడి అంతకు మించినది. గొట్టం ఆవిరితో నిండితే ఇంజనుకు పెట్రోలు అందదు. దీనినే మెకానిక్కులు ‘వేపర్ లాక్’ అంటారు. డీజిలు ఇంత సులభంగా మరగదు గనుక డీజిలు బండ్లకు ఈ బాధ దాదాపు లేదు.

దీనికి పరిష్కారం మన పొలంలోనే ఉంది. గట్టుపై పెట్టిన మోటారు 10 మీటర్ల లోతు నుండి కూడా నీటిని పీల్చలేదు. అందుకే సబ్‌మెర్సిబుల్‌ను నీటిలోకే దించుతాము. పీల్చుట కంటె నెట్టుట సులభం. ఆ విధంగానే విద్యుత్ పంపును ట్యాంకు దగ్గర, చల్లని చోట అమర్చితే అది పెట్రోలును ఒత్తిడితో ముందుకు నెడుతుంది. ఇంగ్లండులో 1962 నుండి 1980 వరకు తయారైన ఎం.జి.బి. స్పోర్ట్స్ కారులో పంపును మొదటి నుండి వెనుక భాగంలోనే పెట్టారు. నీరు, బురద తగలకుండా దానిని డిక్కీలోకి మార్చుకునే యజమానులూ ఉన్నారు.

అయితే ఈ పనిలో పొరపాటు జరిగితే బండికి నిప్పంటుకోవచ్చు. కనుక ఈ జాగ్రత్తలు తప్పనిసరి.

పంపు సైలెన్సరు గొట్టానికి దూరంగా, ట్యాంకు అడుగు మట్టానికి దగ్గరగా ఉండాలి. మనుషులు కూర్చునే చోట ఉండరాదు. ట్యాంకుకు, పంపుకు నడుమ ఫిల్టరు ఉండాలి.

కార్బురేటరుకు 2 నుండి 4 పి.ఎస్.ఐ. ఒత్తిడి చాలు. కొత్త కార్ల ఇంజెక్షన్ పంపు దానికి పది రెట్లు ఇస్తుంది. అది పెడితే పెట్రోలు పొంగి వేడి ఇంజనుపై పడుతుంది.

వైరుకు ఫ్యూజు ఉండాలి. ఇంజను ఆగగానే పంపు కూడా ఆగేలా ఆయిల్ ప్రెషర్ స్విచ్ పెట్టించాలి. లేకుంటే బండి బోల్తాపడినా పంపు పెట్రోలును చిమ్ముతూనే ఉంటుంది.

నేటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది. అది పాత రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది. వాటిని కూడా మార్పించండి.

తెలిసిన మెకానిక్కు దొరికేవరకు తడిగుడ్డే మేలు. ఆనాడు అరగంట ఆలస్యమైనా బిడ్డ క్షేమంగా ఆసుపత్రికి చేరింది. నిప్పంటుకొని ఉంటే చేరేది కాదు.