బండి గొట్టం సెగ

మిరప పండిందంటే భద్రాచలం చుట్టుపక్కల ఊళ్ళలో పనికి కొదవ ఉండదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా చర్ల, దుమ్ముగూడెం, బూర్గంపాడు మండలాల చేలల్లో కాయ ఏరుడు సాగుతుంది. ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా కూలీలు వస్తారు. ఆ వెంటనే తునికాకు సీజను. ఏప్రిల్, మే నెలల్లో ఆడవాళ్ళు అడవికి పోయి ఆకు కోస్తారు. 50 ఆకులు ఒక కట్టగా కట్టి కల్లానికి చేరుస్తారు.

ఈ పనులకు ఇప్పుడు బండి కావాలి. ఎక్కువ ఊళ్ళలో అది పికప్ బండి. తెల్లవారకముందే ముఠా ఎక్కుతుంది. సాయంత్రం మిర్చి బస్తాలు, ఎండుగడ్డి, కట్టెలు అదే బండిలో వస్తాయి.

ఈ బండి కింద ఒక ఇనుప గొట్టం ఉంటుంది. ఇంజన్ నుంచి పొగను బయటికి పంపేది అదే. మధ్యలో డబ్బా లాంటిది ఉంటుంది. దాన్నే సైలెన్సర్ అంటారు. అది చప్పుడు తగ్గిస్తుంది. ఈ గొట్టం బాగుంటే బండి మంచిదే. కోసి, అతికి, ఇష్టమొచ్చినట్టు మారిస్తే అదే గొట్టం కాళ్ళు కాలుస్తుంది. బస్తాలు కాలుస్తుంది. అడవికి కూడా నిప్పు పెడుతుంది.

ఇంజన్ కూడా ఒక పొయ్యే

పొయ్యిలో కట్టె కాలుతుంది. ఇంజన్‌లో డీజిల్ కాలుతుంది. 100 రూపాయల డీజిల్ పోస్తే అందులో సుమారు మూడో వంతు మాత్రమే చక్రాలను తిప్పడానికి పనికొస్తుంది. ఇంకో మూడో వంతు ఇంజన్‌ను చల్లార్చే నీళ్ళలోకి, గాలిలోకి పోతుంది. మిగిలిన మూడో వంతు వేడిగా మారి పొగతో పాటు గొట్టంలోంచి పోతుంది.

ఆ వేడి తక్కువేం కాదు. నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. నిండా బరువుతో ఎత్తు ఎక్కే బండిలో ఇంజన్ నుంచి వచ్చే పొగ వేడి 500 డిగ్రీలు దాటవచ్చు. చివరికి వచ్చేసరికి తగ్గుతుంది. అయినా గొట్టాన్ని ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. 70 డిగ్రీల ఇనుము తగిలితే ఒంటి తోలు కాలడానికి ఒకటి రెండు సెకన్లు చాలు.

వేడి మూడు దారుల్లో నడుస్తుంది. వంట చేసే ప్రతి ఆడమనిషికీ ఈ మూడు దారులూ తెలుసు.

ఒకటి, తగిలితే పాకేది. పెనం మీద పెట్టిన ఇనుప అట్లకాడ పిడి దాకా కాలుతుంది. అట్లాగే గొట్టం ఏ రేకుకు తగులుతుందో ఆ రేకు కాలుతుంది.

రెండు, గాలితో పోయేది. పొయ్యి మీది వేడిగాలి పైకి లేచి అటకను తాకుతుంది. గొట్టం వేడిగాలి పైకి లేచి బండి అడుగు చెక్కలను తాకుతుంది.

మూడు, సెగ. మంటను ముట్టుకోకపోయినా పొయ్యి ముందు కూచుంటే ముఖానికి సెగ కొడుతుంది. గొట్టం సెగ కూడా దూరం నుంచే పక్కనున్న వైరును, టైరును, గోనెసంచిని వేడి చేస్తుంది.

గొట్టాన్ని ఎందుకు మారుస్తారు?

కొందరు కుర్రాళ్ళకు బండి చప్పుడు గట్టిగా రావాలని సరదా. సైలెన్సర్ కోసేసి ఉత్త పైపు అతికిస్తారు. కొందరు బండి బాగా లాగుతుందని చేయిస్తారు. ఇంకొందరిది సరదా కాదు, డబ్బు ఇబ్బంది. పాత గొట్టం తుప్పుపట్టి ఊడుతుంది. కొత్తది కొనాలంటే ఖర్చు. దొరికిన పైపు తెచ్చి వెల్డింగు పెట్టిస్తారు.

కంపెనీ గొట్టం పెట్టేటప్పుడు మూడు సంగతులు చూసి పెడుతుంది. డీజిల్ పైపుకు, బ్రేకు గొట్టానికి, వైర్లకు ఎంత దూరం ఉండాలో చూస్తుంది. సెగ తగిలే చోట అడ్డంగా రేకు బిగిస్తుంది. పొగ బండి అడుగున నిలవకుండా చివర బయటికి పెడుతుంది. ఊరి షెడ్డులో మార్చినప్పుడు ఈ మూడూ తప్పుతాయి. గొట్టం అంగుళమో రెండంగుళాలో పైకి జరుగుతుంది. అడ్డం వచ్చిందని రేకు పీకేస్తారు. పొగ డాలా కిందనే వదులుతారు.

సెగను ఆపేది ఏది?

పొయ్యి పక్కన తడక గోడ ఉంటే ఆడవాళ్ళు మధ్యలో రేకు నిలబెడతారు. రేకును తడకకు ఆనించి పెడితే రేకు కాలి తడకా కాలుతుంది. కొంచెం ఎడంగా పెడితే తడక చల్లగా ఉంటుంది. రేకు సెగను వెనక్కి కొడుతుంది. రేకుకు, తడకకు మధ్య ఆడే గాలి మిగిలిన వేడిని తీసుకుపోతుంది. బండికీ ఇదే ఉపాయం.

గొట్టానికి, బండి అడుగుకు మధ్య రేకు ఉండాలి. స్టీలు రేకు గానీ, అల్యూమినియం రేకు గానీ మంచిది. అది గొట్టానికీ తగలకూడదు, బండి అడుగుకూ తగలకూడదు. రెండు పక్కలా వేలెడు సందైనా ఉండాలి. ఆ సందులో మట్టి, గడ్డి పేరుకుంటే రేకు ఉన్నా లేనట్టే.

గొట్టాన్ని రబ్బరు పట్టీలతో వేలాడదీస్తారు. అవి తెగితే తీగతో కట్టి నడిపించడం ఊళ్ళలో మామూలే. తీగ సాగుతుంది. గొట్టం ఊగి దేనికో ఒకదానికి తగులుతుంది. పట్టీ తెగితే కొత్త పట్టీయే వెయ్యాలి.

సెగ ఆపడానికి గొట్టానికి చుట్టే టేపు అంగళ్ళలో దొరుకుతుంది. అది గాజు పీచుతో చేసింది. అది వేడిని గొట్టం లోపలే ఉంచుతుంది. కానీ వానకు తడిస్తే నీళ్ళు పట్టుకుని గొట్టాన్ని తుప్పు పట్టిస్తుంది. దాని మీద డీజిల్, ఆయిల్ కారితే అంటుకోవచ్చు. చుట్టిస్తే అప్పుడప్పుడు చూసుకోవాలి. గోనెపట్టా, పాతచీర, కొబ్బరితాడు మాత్రం ఎప్పుడూ చుట్టకూడదు. అవి సెగను ఆపవు. అవే మండుతాయి.

కాలే గొట్టం మీద నీళ్ళు చల్లకూడదు. ఆవిరి కొట్టి ముఖం, చేతులు ఉడుకుతాయి. గొట్టమూ పగలవచ్చు.

బండి ఆగినా సెగ ఆగదు

కట్టెలు లాగేసినా పొయ్యిరాయి చాలాసేపు వేడిగా ఉంటుంది. ఇంజన్ ఆపినా గొట్టం అంతే. బండి నడిచేటప్పుడు గాలి తగిలి కొంత చల్లారుతుంది. ఆగితే ఆ గాలి ఉండదు. ఆగిన కొద్దిసేపు చుట్టుపక్కల వస్తువులకు సెగ ఇంకా ఎక్కువ తగులుతుంది.

అందుకే బండి ఆపే చోటు ముఖ్యం. ఫిబ్రవరి నుంచి మే దాకా ఈ అడవుల్లో ఆకు రాలి ఉంటుంది. టేకు ఆకు, తునికి ఆకు, ఎండుగడ్డి పరుపులా పరుచుకుంటాయి. భద్రాచలం వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ ఎండకు ఆకు పెళపెళలాడుతుంది. ఎండుటాకు సుమారు 250 - 300 డిగ్రీల మధ్య అంటుకుంటుంది. కాలిన గొట్టం దాని మీద ఆనితే బీడీ ముక్క పడేసినట్టే.

కొత్త బండ్లలో ఇంకో సంగతి ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో కొత్త బండ్లను బి.ఎస్.-6 అనే నిబంధన ప్రకారం అమ్ముతున్నారు. ఇట్లాంటి డీజిల్ బండి గొట్టంలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. జల్లెడ నిండితే బండి తనంతట తానే ఆ మసిని కాల్చేసుకుంటుంది. అప్పుడు జల్లెడ లోపల వేడి 600 డిగ్రీల దాకా పోవచ్చు. ఆ సమయంలో బండిని ఆకుల మీద ఆపడం చాలా ప్రమాదం. జల్లెడ పీకేయిస్తే మేలనుకోవడం కూడా పొరపాటు. ఆ మసి అంతా వెనక వచ్చేవాళ్ళ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అది చట్టప్రకారం నేరం కూడా.

కల్లం దగ్గర, గడ్డివాము దగ్గర, పత్తి కుప్ప దగ్గర బండిని ఉత్త నేల మీదనే ఆపించాలి. నేల ఊడ్చి ఆపితే ఇంకా మంచిది. తునికాకు సంచులు, ఎండుగడ్డి ఎత్తేముందు డాలా కింద వంగి చూడాలి. గొట్టం మీద గడ్డి, పీచు ఇరుక్కుని ఉంటే గొట్టం చల్లారాక కర్రతో తీసెయ్యాలి.

కనపడని విషం

గొట్టానికి చిల్లి పడితే సెగతో పాటు విషవాయువు కూడా పైకి వస్తుంది. దాని పేరు కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు ఉండాల్సిన చోటును అది ఆక్రమిస్తుంది. వానకో, చలికో డాలా మీద పట్టా కప్పి అన్ని పక్కలా మూస్తే అది లోపలే నిలుస్తుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండడం, మగతగా నిద్రపట్టడం దాని గుర్తులు. ఒకరికి మించి ఇట్లా అనిపిస్తే బండి ఆపించి అందరూ గాలిలోకి దిగాలి. పసిపిల్లలు ఉంటే ముందు వాళ్ళను దించాలి.

చిల్లిని గుర్తుపట్టడం కష్టం కాదు. అతుకు దగ్గర నల్లటి మసి మరక ఉంటుంది. టప్‌టప్‌మని చప్పుడొస్తుంది. డాలా చెక్క ఒకచోట కాలి నల్లబడి ఉంటుంది.

చట్టం ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని దాని 52వ సెక్షను చెబుతుంది. 2019లో చట్టాన్ని సవరించారు. దాని ప్రకారం చట్టం ఒప్పుకోని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.

సరుకు బండిలో మనుషులను ఎక్కించుకుని తిప్పడం కూడా తప్పే. దీనివల్ల కూలీలకు ఇంకో నష్టం ఉంది. సరుకు బండిలో ఊరికే ఎక్కిన మనుషులకు నష్టపరిహారం ఇచ్చే బాధ్యత బీమా కంపెనీది కాదని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ప్రమాదం జరిగితే పైసా రాక కోర్టుల చుట్టూ తిరగాల్సి రావచ్చు. అందుకే బస్సు గానీ, మనుషుల కోసం అనుమతి ఉన్న బండి గానీ పంపమని ముఠా అంతా కలిసి రైతును అడగాలి.

అడగడం తేలిక కాదు. కూలి పోతుందని భయం ఉంటుంది. ఒక్కరు అడిగితే డ్రైవరు నవ్వుతాడు. "ఏం కాదక్కా, రోజూ పోతనే ఉన్నం గదా" అంటాడు. అందరూ కలిసి అడిగితే మాటకు బలం వస్తుంది. "రోజూ పోతున్నం గనకనే అడుగుతున్నం తమ్మీ. గొట్టం మీద రేకు ఏపించుకరా" అనొచ్చు. అతికిన గొట్టం తీయించి సరైనది వేయిస్తే డ్రైవరుకూ మేలే. వాడి సీటూ ఆ బండిలోనే ఉంది.

కాలితే ఏం చెయ్యాలి?

బండి దిగేటప్పుడు పిక్క గొట్టానికి తగలడం ఎక్కువ. గొట్టం పక్కకు పెట్టిన బండ్లలో ఇది మరీ ఎక్కువ. ఆ పక్క నుంచి ఎక్కకూడదు, దిగకూడదు.

కాలిన చోట వెంటనే మామూలు చల్లటి నీళ్ళు పొయ్యాలి. 20 నిమిషాల పాటు ధారగా పొయ్యాలి. ఐస్ పెట్టకూడదు. వాపు రాకముందే పట్టీలు, మెట్టెలు, గాజులు తీసెయ్యాలి. పసుపు, నూనె, పేస్టు, సిరా, పేడ ఏదీ రాయకూడదు. బొబ్బను చిదమకూడదు. అతుక్కున్న గుడ్డను లాగకూడదు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి పోవాలి. పెద్దగా కాలితే 108కి ఫోను చెయ్యాలి.

బండిలో పొగ లేస్తే ఇంజన్ ఆపించాలి. పొగ లేని పక్క నుంచి అందరూ దిగి దూరంగా పోవాలి. బస్తాల కోసం మళ్ళీ ఎక్కకూడదు. మంట చిన్నదైతే మట్టి, ఇసుక చల్లవచ్చు. పెద్దదైతే 101కి ఫోను చెయ్యాలి. చీరకు అంటుకుంటే పరుగెత్తకూడదు. నేల మీద పడి దొర్లాలి. అడవికి అంటుకుంటే ఆలస్యం చెయ్యకుండా అటవీశాఖ బీటు ఆఫీసరుకు చెప్పాలి.

కలిసి మాట్లాడుకోండి

1. మీ ముఠా ఎక్కే బండికి గొట్టం మీద రేకు ఉందా? వంగి చూడండి.
2. మీ ఊరి కల్లం దగ్గర బండి ఎక్కడ ఆగుతుంది? అక్కడ నేల ఉత్తదా, ఆకులు ఉన్నాయా?
3. రేకును గొట్టానికి ఆనించకుండా ఎడంగా ఎందుకు బిగించాలి?
4. కాలిన చోట మీ ఇంట్లో ఏం రాస్తారు? ఇకముందు ఏం చెయ్యాలి?