వేసవి సెలవుల కాలంలో పనిభారం – నిర్వహణ

5.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• వేసవి సెలవుల్లో పనిభారం ఎందుకు పెరుగుతుందో వివరించగలుగుతారు.
• పేరుకుపోయే పనిని ముందుగా లెక్కకట్టగలుగుతారు.
• చేయాల్సిన పనులను మూడు కుప్పలుగా విభజించి, మీ సొంత ప్రణాళిక వేసుకోగలుగుతారు.

5.1 పరిచయం

మన రెండు రాష్ట్రాల్లో బడులకు సాధారణంగా ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు. పిల్లల సెలవులను బట్టే పెద్దలూ సెలవు పెడతారు. పెళ్ళిళ్లు, మొక్కుబడులు, పుట్టింటికి రాకపోకలు, ఆవకాయ పెట్టుకోవడం అన్నీ ఈ ఏడు వారాల్లోనే. కార్యాలయంలో మనుషులు తగ్గుతారు కాని టపా తగ్గదు. మిగిలినవారు రెండేసి సీట్ల పని చూడాల్సి వస్తుంది. ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో చదువుతున్న మీలో చాలామందికి ఆ రోజుల్లో "నాకే చేతకావడం లేదేమో" అనిపిస్తుంది. ఇది చేతకానితనం కాదు, ముందుగా ఇదొక లెక్క. ఆ లెక్క ఏమిటో చూద్దాం.

5.2 పని ఎలా పేరుకుంటుంది?

ఒక ఊహా ఉదాహరణ తీసుకోండి. ఒక సెక్షన్‌లో ముగ్గురు అసిస్టెంట్లు ఉన్నారు. రోజుకు 24 కాగితాలు వస్తాయి. ఒక్కొక్కరు రోజుకు 8 పూర్తి చేస్తారు. వచ్చినవి వచ్చినట్టు తేలిపోతాయి.

వారిలో ఒకరు 12 పనిదినాలు సెలవు పెట్టారు. మిగిలిన ఇద్దరూ 16 చేస్తారు. రోజుకు 8 మిగులుతాయి. 12 రోజులకు 96.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. మూడో మనిషి తిరిగి వచ్చినా ఆ 96 తగ్గవు. ముగ్గురూ కలిసి చేయగలిగింది 24, రోజూ వచ్చేదీ 24. అందరూ రోజుకు ఒక్కో కాగితం అదనంగా చేసినా, పాతవి తీరడానికి 32 పనిదినాలు పడుతుంది.

1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం దీనికి వర్తిస్తుంది. వరుసలో ఉన్న పనుల సగటు సంఖ్య, పనులు వచ్చే వేగాన్ని ఒక్కో పని వేచి ఉండే సగటు కాలంతో గుణిస్తే వచ్చే ఫలితానికి సమానం. మన ఉదాహరణలో 96 = 24 × 4. అంటే వరుస ప్రకారం చేస్తే, కొత్తగా వచ్చిన ప్రతి కాగితం నాలుగు రోజులు ఆగాల్సిందే.

5.3 ఒక అనుభవం

నేను పాఠాలు చెప్పే రోజుల్లో ఒక మే నెలలో ఇద్దరు సహోద్యోగుల పని కూడా నేనే చూస్తానన్నాను. రాత్రి పదింటి దాకా కూర్చున్నాను. అయినా ఒక అసైన్‌మెంట్ల కట్ట బీరువాలో మరో కట్ట కింద ఉండిపోయింది. మార్కులు సకాలంలో వెళ్లక ఒక విద్యార్థి ఫలితం నిలిచిపోయింది. పై కోర్సులో చేరే గడువు దాటాక గాని అది బయటపడలేదు. ఆ విద్యార్థికి ఏడాది పోయింది. తప్పు నాదే. ఆ నెలలో నాకు కష్టపడటం తక్కువ కాలేదు. ఏది ముందు, ఏది ఆగవచ్చు అన్న జాబితా మాత్రం లేదు.

5.4 మూడు కుప్పలు

అ) ఇప్పుడే తేలాల్సినవి: ఆలస్యమైతే ఎవరో ఒకరికి నష్టం కలిగేవి. జీతం, పింఛను, ఫలితం, ఫీజు గడువు ఇందులోకి వస్తాయి. గట్టిగా అడిగేవారి పని ముందు, అడగలేనివారి పని వెనుక అన్నట్టు కాకూడదు.

ఆ) ఆగగలిగినవి: వీటి మీద "తరువాత" అని కాదు, తేదీ రాయండి. ఆ జాబితాను పై అధికారికి రాతపూర్వకంగా చూపండి. ఏది ఆగాలన్న నిర్ణయం మీ ఒక్కరి భుజాల మీదే ఉండకూడదు.

ఇ) మనవి కానివి, కలిపి చేయదగినవి: వేరే సెక్షన్‌కు పంపాల్సినవి, ఒకే విషయం మీద మళ్ళీ మళ్ళీ వచ్చినవి.

పై ఉదాహరణలో రోజూ వచ్చే 24లో 5 మూడో కుప్పలోకి, 3 రెండో కుప్పలోకి వెళితే, ఇద్దరికి మిగిలేవి సరిగ్గా 16. సెలవు ముగిసేసరికి ఆగినవి 36 మాత్రమే. ముగ్గురూ ఒక్కొక్కటి అదనంగా చేస్తే 12 రోజుల్లో తీరిపోతాయి.

ఒక కుప్పలోని పనులను వరుసగా ముగించండి. ఒక పని ముగియకుండా మరో పనికి మారితే దృష్టిలో కొంత మొదటి పని దగ్గరే ఉండిపోతుందని, రెండో పని దెబ్బతింటుందని సోఫీ లెరాయ్ 2009లో ప్రచురించిన పరిశోధన చూపింది.

సెలవు పెట్టేది మీరే అయితే, వెళ్లే ముందు మీ సీటులోని (అ) కుప్పను ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఏ ఫైలు ఎక్కడుంది, గడువు ఎప్పుడు అన్న రెండు వివరాలు చాలు.

5.5 ఇల్లు, చదువు

ఇంటికీ ఇదే లెక్క. 2019 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చించేవారు. వేసవిలో పిల్లలు ఇంట్లో ఉంటారు, చుట్టాలు వస్తారు. ఆ అదనపు పని ఎవరి మీద పడుతుందో వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి చదువుకుంటున్న గృహిణికి "ఇంకొంచెం పొద్దున్నే లే" అన్న సలహా ఒక్కటే చాలదు. ఇంటిపనిలో కొంత మరొకరి చేతికి వెళ్లాలి. పదేళ్లు దాటిన పిల్లలు మంచినీళ్లు పట్టగలరు, బట్టలు మడతపెట్టగలరు. అలా మిగిలిన గంటను ఎండ ఎక్కకముందు, ఉదయం పూట చదువుకు కేటాయించండి.

5.6 సారాంశం

వేసవిలో పని పేరుకోవడానికి కారణం చేతులు తగ్గడం, పని తగ్గకపోవడం. వేగం పెంచడం ఒక్కటే దీనికి విరుగుడు కాదు. పనిని విభజించి, కొంత వాయిదా వేసి, కొంత పంచాలి. ఆగే పనికి తేదీ ఉండాలి, ఆగలేని మనిషి పని ముందు జరగాలి.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. సెక్షన్‌లో నలుగురు ఉన్నారు. ఒక్కొక్కరు రోజుకు 6 కాగితాలు చేస్తారు, రోజుకు 24 వస్తాయి. ఒకరు 10 పనిదినాలు సెలవు పెడితే ఎన్ని మిగులుతాయి?
2. ఈ వారం మీ చేతిలో ఉన్న పనులను మూడు కుప్పలుగా రాయండి. (ఆ) కుప్పలోని ప్రతి పని పక్కన తేదీ వేయండి.